కొత్త రంగు పడని గొర్రె

మొదటి ఉత్తరం కార్డిఫ్ నుంచి వచ్చింది.
డెబ్బై పౌండ్లు. పద్నాలుగు రోజుల్లో కడితే సగం.
కింద ఫోటో:
తడిసిన రోడ్డు పక్కన, రెండు పసుపు గీతల మీద
నా కారు.

నా కారు కాదు.
ఆగస్టులో అమ్మేశాను దాన్ని,
స్వాన్సీ మార్కెట్ వెనక, వాన ఆగిన పావుగంటలో.
పద్దెనిమిదేళ్ళు నా గుల్లల బస్తాలు మోసింది.
అద్దాలు ఎంత దించినా
ఎండాకాలం దాని లోపల ఒక చిన్న సముద్రం కుళ్ళేది.
కొన్న కుర్రాడు ముక్కు మూసుకోలేదు.
అందుకని ఇరవై తగ్గించి
మూడు వందల ఎనభైకే ఇచ్చాను.

రసీదు గుల్లలు కట్టే కాగితం సంచీ మీద రాసుకున్నాం.
వాడి సంతకంలో మొదటి అక్షరం తప్ప
మిగతాదంతా అల.

దేశంలో ఉన్న బళ్ళన్నిటి లెక్కలూ రాసే ఆఫీసు
మా ఊళ్ళోనే, గుట్ట మీద ఉంది.
నా వంటింటి కిటికీలోంచి దాని దీపాలు కనిపిస్తాయి.
అమ్మినట్టు చీటీ చింపి పోస్టులో వేశాను.
నడిచి వెళ్తే గంట దారి.
నా చీటీ నాలుగు నెలలైనా చేరలేదు.

రెండో ఉత్తరం బ్రిస్టల్ నుంచి.
ఫోటోలో వెనక సీటు మీద పసిపిల్లల కుర్చీ.
ఓహో, అనుకున్నాను.

మూడోది బారీ నుంచి. ఈసారి ఎడమ తలుపు కనిపించింది.
నిచ్చెన పడి సొట్టపోయిన చోట
బూడిద రంగు లప్పం, నున్నగా.
నేను పదకొండేళ్ళు వాయిదా వేసిన సొట్ట అది.
జరిమానా కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఫోన్ చేశాను. పాట వినిపించారు, మళ్ళీ అదే పాట వినిపించారు.
"అమ్మినట్టు రుజువు పంపండి."
సంచీ పంపాను.
"వెనిగర్ మరకల వల్ల చదవలేకపోతున్నాం."

మా తాత గొర్రెలు పక్కవాడి గడ్డిలో పడితే
తిట్టుకుంటూ పోయి, బందె కట్టి, విడిపించుకునేవాడు.
అమ్మేసిన గొర్రె ఏ చేను మేసినా
ఎవడూ ఆయన గుమ్మం ఎక్కలేదు.
సంతలోనే, ఆయన ఎర్ర గుర్తు మీద
కొన్నవాడు నీలం పూసేవాడు.
అంతే. గొర్రెకీ తెలిసేది, ఊరికీ తెలిసేది.

నేనేం పూయాలి దానికి?

ఉత్తరాలు రాశాను. ఆరు.
మొదటిదాంట్లో అయ్యా అని మొదలుపెట్టాను,
ఆరోదాంట్లో ఏమీ అని మొదలుపెట్టలేదు.

నిన్న వచ్చింది, గుట్ట దిగి, ఒక్కటే కాగితం:
మిసెస్ హెయిల్వెన్ ప్రోసర్,
ఈ వాహనంతో మీకు ఇక ఏ సంబంధమూ లేదు.
రెండుసార్లు చదివి ఫ్రిజ్‌కి అంటించాను.
పక్క కొట్టు డిల్విన్ కేకు తెచ్చాడు.

ఇవాళ పొద్దున మార్కెట్ ముందు
మీటరు గళ్ళలో అది నిలబడి ఉంది.
లప్పం మీద ఇంకా రంగు వెయ్యలేదు.
వెనక కుర్చీలో ఒక చిన్న మేజోడు, ఒక్కటే.
కుర్రాడు లేడు.
అద్దం మీద చీటీ లేదు.
వార్డెన్ టెగ్విన్ అప్పటికే ఫోటో తీయడానికి
ఒక కాలు వెనక్కి వేశాడు.

ప్రతి శనివారం నా దగ్గర గుల్లలు కొంటాడు టెగ్విన్.
సాక్షిగా పనికొచ్చేవాడు, నాలుగు నెలల కిందట.
"ఎవరిదిది, హెయిల్వెన్? నీకేమైనా తెలుసా?"

"నాదే," అన్నాను. "ఆగు. కడుతున్నా."

యంత్రం బండి నంబరు అడిగింది.
తడి చేతులు ఏప్రాన్‌కి తుడుచుకునేలోపే
వేళ్ళు తమంతట తాము నొక్కేశాయి, ఏడూ, ఒక్క తప్పు లేకుండా.
గంటకి ఒకటీ నలభై. రెండు పౌండ్ల నాణెం వేశాను.
తలుపు తాళం వేసుంది కాబట్టి చీటీ వైపర్ కింద పెట్టాను.
కొంచెం దించిన అద్దంలోంచి
అదే వాసన.

యంత్రం చిల్లర ఇవ్వలేదు.
ఇవ్వదని దాని మీదే రాసి ఉంది.